జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ ఉద్దేశం

పాతబడిన వస్తువును పారవేయడమా, బాగుచేసుకోవడమా అనే ప్రశ్న నేడు ప్రతి ఇంటికీ ఎదురవుతున్నది. ఒక పాత కారును ఇంటివద్దనే పునరుద్ధరించే విధానాన్ని, అందులో పాటించవలసిన జాగ్రత్తలను, ఆ శ్రమలో అవసరమయ్యే వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని పూర్వులు 'జీర్ణోద్ధరణ' అన్నారు. కొత్త గుడిని కట్టించేవానికి తన అభిరుచే ప్రమాణం. జీర్ణోద్ధరణ చేసేవానికి మాత్రం మొదటి శిల్పి ఉద్దేశమే ప్రమాణం. పడిపోయిన రాయిని లేపి దాని స్థానంలోనే నిలపాలి. పగిలిన రాయికి బదులు అదే జాతి రాయిని తేవాలి. తన పేరు చెక్కుకోవాలనే కోరికను అణచుకోవాలి. అందువల్లనే నిర్మాణం కంటె జీర్ణోద్ధరణ కష్టమైన పని.

సాహిత్యరంగంలో ఈ పనినే 'పరిష్కరణ' అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, వారికి సొంత ధనంతో జీతాలిచ్చి, చెదలు తింటున్న తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఒకే గ్రంథానికి దొరికిన వేరువేరు ప్రతులను సరిపోల్చి, లేఖకుల తప్పులను తొలగింపజేశాడు. పరిష్కర్త కవి మాటను వెదకాలి గాని, ఆ చోట తన మాటను చేర్చరాదు. చేర్చినది ఎంత అందంగా ఉన్నా అది ప్రక్షిప్తమే అవుతుంది. గుడికీ, గ్రంథానికీ వర్తించే ఈ ధర్మమే యంత్రానికీ వర్తిస్తుంది. పాత కారు పునరుద్ధరణ అందుకు చక్కని నిదర్శనం.

పాత కార్లన్నింటినీ లోకం 'వింటేజ్' కార్లని పిలుస్తున్నా, అభిమానుల వాడుకలో ఆ మాటకు పరిమితి ఉంది. సాధారణంగా 1919 నుండి 1930 వరకు తయారైన కార్లకే ఆ పేరు చెల్లుతుంది. తరువాతి కాలపు కార్లను 'క్లాసిక్' కార్లంటారు. భారత ప్రభుత్వం 2021లో మోటారు వాహన నియమాలను సవరించినప్పుడు ఈ భేదాన్ని పాటించలేదు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. వీటి నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము నిర్ణయించారు. ఇది 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఇలా నమోదైన వాహనాన్ని నిత్య ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు.

తెలుగునేలకు ఈ వారసత్వంతో సన్నిహిత సంబంధం ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరి తయారుచేయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, ఆయన 1911లో మరణించిన తరువాత హైదరాబాదు చేరింది. పసుపుపచ్చని ఆ రాచకారును నేడు చౌమహల్లా ప్రాసాదంలో చూడవచ్చు. నిజాం రైల్వే కొరకు ఇంగ్లండు నుండి తెప్పించిన 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియానికి చేరింది. పాత కార్ల ప్రదర్శన యాత్రల్లో కూడా అది పాల్గొన్నది. రాజులకు, సంస్థలకు ధనబలం, జనబలం ఉంటాయి. ఆ బలం లేని సామాన్య కుటుంబం తన పెరటిలోని పాత కారును ఎట్లా కాపాడుకోగలదు?

సామాన్యుల పెరటిలో మిగిలిన పాత కారు చాలాచోట్ల అంబాసిడరే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. 1950 దశకం చివరి నుండి 2014 వరకు కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీన్ని తయారుచేసింది. 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజన్, నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు మార్చే కడ్డీ, వెనుక బద్దీల స్ప్రింగులు చాలాకాలం దీని లక్షణాలు. యంత్రనిర్మాణం సరళం కావడంవల్ల ఏ ఊరి మెకానిక్ అయినా దీన్ని విప్పి బిగించగలిగేవాడు.

పునరుద్ధరణ ధర్మాలు ఆచరణలో ఎట్లా ఉంటాయో గ్రహించడానికి ఒక కల్పిత కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కృష్ణాజిల్లా దివిసీమలోని ఒక పల్లెలో ఒక వైద్యుడు ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ల రోగులను చూడడానికి 1968లో ఆయన ఒక అంబాసిడర్ కారు కొన్నాడు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలాదిమందిని బలిగొన్నది. నీరు తీసి, దారులు తెరుచుకున్న తరువాత ఆయన ఆ కారులోనే గాయపడినవారిని, జ్వరపీడితులను మచిలీపట్నం చేర్చాడు. ఉప్పుబురదలో సాగిన ఆ ప్రయాణాలలో ఒకనాడు, దారికి అడ్డంగా పడిన తాడిమాను తగిలి ఎడమవైపు వెనుక తలుపు సొట్టపోయింది. వైద్యుడు గతించిన తరువాత కారు పశువుల కొట్టంలో చేరింది. ఇరవై ఏళ్లకు పైగా దాని తలుపు తీసినవారు లేరు.

వైద్యుని భార్యకు ఎనభై ఏళ్లు నిండబోతున్నాయి. ఆ పుట్టినరోజు నాటికి కారును నడిపించి తల్లిని ఆశ్చర్యపరచాలని కుమారుడు సంకల్పించాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన కుమార్తె తోడు నిలిచింది. టింకరింగ్ పనిలో తలపండిన ఒక మేస్త్రీని విజయవాడ ఆటోనగర్ నుండి పిలిపించారు. వారి చేతిలో నాలుగు నెలల గడువు ఉంది.

పాత యంత్రాన్ని చూడగానే తాళంచెవి తిప్పాలనిపించడం సహజం. అది మొదటి ప్రమాదం. ఏళ్లతరబడి కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. అందుచేత మేస్త్రీ నాలుగు స్పార్క్ ప్లగ్గులనూ తీయించి, ఆ రంధ్రాలలో పలుచని నూనె పోయించి కొన్ని రోజులు నాననిచ్చాడు. తరువాత ముందుభాగంలో హ్యాండిలు తగిలించి, బలం చూపక, మెల్లగా అటూ ఇటూ కదిలించాడు. ఐదవ రోజున ఇంజన్ మొదటిసారి కదిలింది.

విప్పడం కంటె, విప్పినదాన్ని గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. ఈ బాధ్యతను బాలిక స్వీకరించింది. ప్రతి భాగాన్నీ విప్పకముందే ఫోటో తీసింది. ప్రతి తీగకూ రెండు కొనలలో చీటీలు కట్టింది. మరలను, నట్లను, వాషర్లను వాటి స్థానం పేరు రాసిన డబ్బాలలో వేరువేరుగా భద్రపరచింది. ఒక నోటుపుస్తకంలో తేదీలవారీగా పనిని నమోదు చేసింది. తాళపత్రాల వరుస తప్పితే కథ తప్పినట్లే, యంత్రావయవాల వరుస తప్పితే యంత్రం తప్పుతుంది.

"బండి నడవడం సంగతి తరువాత, ముందు ఆగాలి" అన్నది మేస్త్రీ నియమం. కావున ఇంజన్ కంటె ముందుగా బ్రేకుల పని చేపట్టాడు. హైడ్రాలిక్ బ్రేకులలో పాదం ఒత్తిడిని చక్రాలకు చేరవేసేది ద్రవం. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమవల్ల లోపలి సిలిండర్లు తుప్పుపడతాయి. రబ్బరు కప్పులు కాలక్రమాన గట్టిపడి చిట్లుతాయి. వాటినన్నింటినీ మార్చి, గొట్టాలను కొత్తవి వేశారు. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనుక, గాలితో ఊదకుండా తడిపి, ముక్కుకు రక్షణ కట్టుకొని తొలగించారు. కారు కిందికి దూరే ముందు జాకీ ఒక్కదానిని నమ్మక, ఇనుప స్టాండ్లమీద నిలిపారు. పెట్రోలు ట్యాంకుకు చిల్లు ఉన్నా దానికి వెల్డింగు చేయడానికి మేస్త్రీ అంగీకరించలేదు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమని హెచ్చరించాడు.

ఇంజన్ పై మూతను విప్పేటప్పుడు, బిగించేటప్పుడు కూడా నట్లకు ఒక క్రమం ఉంది. మధ్యనుండి మొదలుపెట్టి, అంచులవైపు, విడతలవారీగా బిగించాలి. ఒకే పక్క బిగిస్తే మూత వంకరపోతుంది. నేటి పెట్రోలు ఆనాటి పెట్రోలు కాదనే సత్యాన్ని కూడా గుర్తించాలి. పూర్వం పెట్రోలులో సీసం కలిసేది. అది వాల్వులు కూర్చునే పీటలను అరుగుదలనుండి కాపాడేది. మనదేశంలో 2000 సంవత్సరం నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇటీవల అందులో ఇథనాల్ పాలు 20 శాతానికి పెరిగింది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. అందువల్ల వాల్వు పీటలను గట్టిలోహంతో వేయించి, ఇథనాల్‌కు ఓర్చే గొట్టాలను అమర్చారు. ఇవి కంటికి కనిపించని మార్పులు. కారు రూపాన్ని మార్చకుండా దాని ఆయువును పెంచే మార్పులు.

ఇంతవరకు పని సాఫీగా సాగింది. పుట్టినరోజుకు మూడు వారాల గడువు మిగిలింది. ఒకనాడు లోపలి పాత తివాచీని తొలగించి నేలరేకును శుభ్రపరుస్తుండగా, బాలిక చేతిలోని స్క్రూడ్రైవరు డ్రైవరు సీటు కింది రేకులోకి సునాయాసంగా దిగిపోయింది. రంధ్రంలోనుండి కొట్టం నేల కనిపించింది. మేస్త్రీ చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న రేకు గంటవలె మోగుతుంది. తుప్పు తిన్న రేకు తడి అట్టవలె పలుకుతుంది. సీటు మరలు బిగిసిన చోటంతా ఆ తడి అట్ట పలుకే వినిపించింది.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. ఉప్పు ఆ చర్యను వేగిరపరుస్తుంది. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించడంవల్ల పొరలు పొరలుగా ఉబ్బి ఊడిపోతుంది. ఊడిన ప్రతిసారీ కొత్త ఇనుము తేమకు చిక్కుతుంది. 1977లో రేకు మడతలలో చేరిన ఉప్పుబురద దశాబ్దాలుగా తన పని తాను చేసుకుపోయింది. ఇటువంటి కారులో నేలరేకు కేవలం కాళ్లు పెట్టుకునే పలక కాదు. ప్రత్యేకమైన చట్రం లేని నిర్మాణం కాబట్టి, నేల, స్తంభాలు, పైకప్పు కలిసి కారు బలాన్ని మోస్తాయి.

ఆ రేకును కోసి కొత్తది అతకాలంటే నెలకు పైగా పడుతుందని మేస్త్రీ తేల్చాడు. కుమారుని మనస్సు తల్లడిల్లింది. "పైన ఫైబరు పూసి, రబ్బరు చాప పరుద్దాం మేస్త్రీ. ఎవరికీ కనపడదు. అమ్మను ఒక్కసారి ఊరు చుట్టించి, తరువాత తీరికగా చేద్దాం" అన్నాడు.

మేస్త్రీ మారు పలకలేదు. పనిముట్లు సర్దుకోసాగాడు. బాలికే నోరు విప్పింది.

"బ్రేకు గట్టిగా వేస్తే సీటు ఊడొస్తుంది కదా నాన్నా. ఆ సీట్లో ఉండేది నువ్వే. పక్కన ఉండేది నాయనమ్మ."

తండ్రి చాలాసేపు ఆ రంధ్రంవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆశ్చర్యపరచాలనే కోరికలో, ఎవరికోసం ఈ పని చేస్తున్నాడో వారి క్షేమాన్నే తాను మరచినట్లు గ్రహించాడు. ఆ రాత్రి తల్లివద్దకు వెళ్లి విషయమంతా చెప్పాడు. ఆమె నవ్వింది. "కొట్టంలో సుత్తి చప్పుడు మూణ్ణెల్ల నుంచి వింటూనే ఉన్నాన్రా. ఇన్నేళ్లు ఆగినదాన్ని ఇంకో నెల ఆగలేనా? రోగం దాచిపెట్టి పైన పౌడరు రాసే వైద్యం మీ నాన్న ఏనాడైనా చేశారా?" అన్నది.

జబ్బు రేకును ఆరోగ్యవంతమైన అంచు వచ్చేదాకా కోసివేశారు. అదే మందం గల కొత్త రేకును, పాతదాని మడతలు అచ్చుదిగేటట్లు వంచి వెల్డింగు చేశారు. మిగిలిన సన్నని తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణంతో శుద్ధిచేసి, జింకు పూతను, దానిపై రంగును వేశారు. బాలిక తన నోటుపుస్తకంలో కొత్త రేకు హద్దులను బొమ్మగీసి, తేదీ రాసింది. ఏది పాతదో, ఏది కొత్తదో ముందుతరాలవారు తెలుసుకోగలగాలి. మంచి పరిష్కర్త తాను సవరించిన చోటును దాచడు.

ఇక రంగుల పని మిగిలింది. డ్యాష్‌బోర్డు వెనుక ఎండ తగలని చోట దొరికిన మొదటి రంగును నమూనాగా తీసుకున్నారు. ఎడమ తలుపు సొట్ట దగ్గర మాత్రం పని ఆగింది. గంటలో దాన్ని సరిచేస్తానని మేస్త్రీ అన్నాడు. కారు అద్దంలా మెరవాలని మొదటినుండీ కలగన్న బాలిక కూడా అందుకు మొగ్గింది. కొట్టంలోకి వచ్చి నిలబడిన నాయనమ్మ ఆ సొట్టమీద అరచేయి ఉంచింది.

"నేల రేకు పోతే ప్రాణానికి ముప్పు, కోయించారు. బాగుంది. ఈ సొట్టవల్ల ఎవరికేం ముప్పు?" అని మాత్రం అడిగింది.

మేస్త్రీ తలుపును తెరిచి, మూసి చూశాడు. గడియ సరిగా పడుతున్నది. అంచు ఎక్కడా చీలలేదు. "ఏం ముప్పు లేదమ్మగారూ" అని సుత్తిని సంచిలో వేశాడు. సొట్టకు తుప్పు పట్టకుండా రంగు వేసి, దాని ఆకారాన్ని అట్లాగే ఉంచారు.

పునరుద్ధరణ రహస్యమంతా ఈ రెండు నిర్ణయాలలో ఉంది. నేలరేకుపైనా, తలుపుపైనా ఉన్నవి ఒకే ఉప్పెన గుర్తులు. వాటిలో ఒకటి ప్రాణానికి ముప్పు గనుక తొలగవలసి వచ్చింది. మరొకటి చరిత్రకు సాక్షి గనుక నిలవగలిగింది. పాతదంతా పవిత్రమని పట్టుకుని కూర్చుంటే ప్రమాదం. పాతదంతా వికారమని చెరిపివేస్తే నష్టం. ఏది రోగమో, ఏది జ్ఞాపకమో వేరుచేసి చూడగలగడమే వివేకం.

పుట్టినరోజు దాటిన ఆరవ వారంలో ఒక సాయంకాలం కారు సిద్ధమైంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, మూడవసారి అందుకుంది. వసారాలో కూర్చున్న ముసలామె ఆ చప్పుడు వినగానే, ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి వీధిగేటు తెరిచింది. అర్ధరాత్రి పిలుపులు వచ్చిన ఆ రోజులలో భర్తకు ఆమె గేటు తెరిచేది ఆ చప్పుడు విని. కారు గేటు దాటి రోడ్డెక్కి ఆగింది. ఎడమ తలుపు తెరుచుకున్నది. ఆమె ఎక్కి కూర్చున్నది.

ఈ పనిలో వారికి లాభం కలిగిందా అని లెక్క వేస్తే, ఖర్చుపెట్టిన ధనానికి మరింత మంచి కారే వచ్చి ఉండేది. కాని బాలికకు యంత్రం గుట్టు తెలిసింది. మేస్త్రీ చేతిలోని విద్య కొంత ఆమె నోటుపుస్తకంలోకి చేరింది. రేకు పలుకును బట్టి దాని ఆరోగ్యాన్ని తెలుసుకునే నేర్పు ఒక చేతినుండి మరొక చేతికి అందితేనే నిలుస్తుంది. గుడి నిలవాలంటే శిల్పి ఉండాలి. గ్రంథం నిలవాలంటే చదువరి ఉండాలి. యంత్రం నిలవాలంటే దాని భాష తెలిసిన పనివాడు ఉండాలి. వస్తువుతోపాటు విద్యను కూడా ఉద్ధరించినప్పుడే అది సంపూర్ణమైన జీర్ణోద్ధరణ అవుతుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గుడి, గ్రంథం, యంత్రం – ఈ మూడింటి పునరుద్ధరణలో గల సామ్యాన్ని వివరించండి.
2. నేలరేకును మార్చడం, తలుపు సొట్టను ఉంచడం – ఈ రెండు నిర్ణయాలలోని ఔచిత్యాన్ని చర్చించండి.

లఘు సమాధాన ప్రశ్నలు
1. చాలాకాలం కదలని ఇంజన్‌ను వెంటనే ఎందుకు తిప్పరాదు?
2. పాత కార్లకు నేటి పెట్రోలువల్ల కలిగే ఇబ్బందులేవి?
3. బాలిక నోటుపుస్తకంలో ఏమేమి నమోదు చేసింది? ఎందుకు?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. "బండి నడవడం సంగతి తరువాత, ముందు ఆగాలి."
2. "ఈ సొట్టవల్ల ఎవరికేం ముప్పు?"

సంధులు – విడదీసి, పేరు తెల్పండి
జీర్ణోద్ధరణ, యంత్రావయవాలు